తిత్తి ఎవరిది?

మన రాతల్లోకి నేత చాలా సులువుగా వచ్చేస్తుంది. బతుకుని నేస్తాం, మాటల్ని నేస్తాం, కథకి పడుగూ పేకా బాగా కుదిరాయంటాం. స్త్రీల సాహిత్య చరిత్ర గురించి మాట్లాడే సభల్లో అయితే ఈ పోలిక ఇంకో అడుగు ముందుకి వేస్తుంది. అక్షరం అందనివ్వని కాలాల్లో ఆడవాళ్లు తమ గొంతుని గుడ్డలో దాచుకున్నారనీ, ముగ్గులో, కుట్టులో, నేతలో తమ చరిత్ర తామే రాసుకున్నారనీ అంటాం. వినడానికి బాగుంటుంది. అన్నవాళ్లకీ విన్నవాళ్లకీ కొంచెం ధైర్యం కూడా వస్తుంది. నాకు మాత్రం కొంతకాలంగా ఈ మాట వినబడ్డప్పుడల్లా ఒక ప్రశ్న అడ్డం పడుతోంది. ఆ గుడ్డ చివరికి ఎవరి ఒంటిమీదికి వెళ్లింది? నేసినామె దాన్ని ఇష్టపడి నేసిందా, నేయక తప్పక నేసిందా? తప్పనిసరి చాకిరీలో పుట్టిన అందాన్ని చూసి "ఇది ఆమె గొంతు" అనడం న్యాయమేనా?

ఈ ప్రశ్నని పరీక్షకి పెట్టడానికి ఆండీస్ పర్వతాల కంటే గట్టి చోటు నాకు తోచలేదు. దక్షిణ అమెరికా పడమటి అంచు పొడుగునా, ఇప్పటి పెరూ, బొలీవియా, చిలీ, అర్జెంటీనా కొండల్లోనూ ఎడారి తీరంలోనూ, యూరప్ వాళ్లు రాకముందు మనకి తెలిసిన లాంటి లిపి లేదు. లెక్కలకి ముడులు వేసిన తాళ్లు ఉండేవి, కిపూ అంటారు. మిగతా పెద్ద విషయాలన్నీ బట్ట మీదుగానే నడిచేవి. దేవుడికి ఇచ్చేది బట్ట, శవానికి చుట్టేది బట్ట, సంధి కుదిరితే పంచేది బట్ట. వాళ్లకి బంగారం కంటే బట్టే ఎక్కువని తెలుసుకోవడానికి స్పెయిన్ వాళ్లకి చాలా కాలం పట్టింది. గుడ్డే గొంతు అన్న మాట ఎక్కడైనా నిజం కావాలంటే అక్కడ కావాలి.

నర్సీపట్నంలో కూర్చుని పెరూ బట్టల ఊసెందుకంటే, నన్ను అక్కడికి తీసుకెళ్లింది ఒక తిత్తి. సంతకి దిగే ముసలమ్మల రొంటిన తిత్తి చూస్తూ పెరిగిన దాన్ని. మా అమ్మమ్మకీ ఒకటుండేది. మూతి దగ్గర తాడు లాగితే బిగుసుకునే గుడ్డ సంచి. అందులో ఆకు, వక్క, సున్నపుకాయ, నాలుగు చిల్లర డబ్బులు. ఆండీస్ బట్టల పుస్తకం ఒకటి తిరగేస్తుంటే అచ్చం అలాంటి సరంజామా కనిపించింది. దాని పేరు చుస్పా. అరచేతి కంటే కాస్త పెద్దది. అల్పాకా ఉన్నితోనో లామా ఉన్నితోనో నేసింది. ఈ జంతువులు గొర్రెలకి కాదు, ఒంటెలకి దూరపు చుట్టాలు. సంచి నిండా చారలు, చారల మధ్య చిన్న చిన్న జంతువుల బొమ్మలు, అడుగున కుచ్చులు, తగిలించుకోవడానికి నేసిన పట్టీ. లోపల కోకా ఆకులు, వాటితో కలిపి నమలడానికి సున్నమో మొక్కల బూడిద ముద్దో. ఆకుకి సున్నం తగిలితే తప్ప సారం దిగదని రెండు ఖండాల వాళ్లూ ఎవరికి వాళ్లే కనిపెట్టారు. మనం ఇంటికొచ్చిన వాళ్లకి ఆకూ వక్కా పెట్టినట్టే, అక్కడ దారిలో ఎదురుపడ్డవాళ్లు కోకా ఆకులు ఇచ్చిపుచ్చుకుంటారు. పోలిక ఇక్కడిదాకా ముచ్చటగా ఉంది. తేడా దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఆ బట్ట ఎలా పుడుతుందో చెప్పాలి, ఎందుకంటే గొంతు వాదానికి బలమంతా అందులో ఉంది. మన మగ్గం మీద పడుగు పొడుగ్గా సాగుతుంది. ఒక చీర అయ్యాక కోస్తాం, తర్వాతి చీర మొదలవుతుంది. చీరకి పక్కన రెండంచులుంటాయి గానీ కొస దగ్గర కోత తప్పదు. ఆండీస్ నేతలో చాలామట్టుకు కోత లేదు. తయారు కావాల్సిన బట్ట ఎంతో అంత కొలతకే పడుగు పోగుల్ని రెండు కర్రల మధ్య తిప్పుతారు. ఒక కర్ర గుంజకో చెట్టుకో కట్టి, రెండోదాన్ని నడుం వెనక పట్టీతో తన ఒంటికే కట్టుకుని నేసే మగ్గం ఒకటి. నేలలో నాలుగు మేకులు పాతి నేసేది ఇంకొకటి. పేక ఒక చివర నుంచి మొదలై కొంతదూరం వస్తుంది. తర్వాత మగ్గాన్ని తిప్పి రెండో చివర నుంచి నేసుకొస్తారు. రెండు వైపుల నేతా దగ్గరపడే కొద్దీ పడుగు బిగుసుకుపోతుంది, పోగులు విడదీసే కర్రకి చోటుండదు. ఆఖరి రెండు మూడు అంగుళాలూ సూదితో, ఒక్కొక్క పోగూ ఎత్తి ఎత్తి పూర్తి చెయ్యాలి. అలా నాలుగు వైపులా అంచున్న బట్ట తయారవుతుంది. చుస్పా కూడా అంతే. ఒక పట్టీని నాలుగంచులతో నేసి, మధ్యకి మడిచి, పక్కలు కుట్టేస్తే సంచి.

పాత బట్టల్ని చదివేవాళ్లు ఆ సూదితో పూర్తి చేసిన చోటు కోసం వెతుకుతారు. అక్కడ బొమ్మ కొంచెం వంకరపోతుంది, చారల లెక్క కాస్త తప్పుతుంది, నేత మిగతా చోటికంటే పల్చగానో ముద్దగానో ఉంటుంది. బట్ట మొత్తం మీద ఒక మనిషి ఇక్కడ ఇబ్బంది పడిందని తెలిసే చోటు అదొక్కటే. నాకు ఆ చోటు బొమ్మల కంటే ఇష్టం.

ఇలాంటి నేతలో ముందే కొలత తెలియాలి. భుజాల వెడల్పెంత, మోకాలి దాకా ఎంత పొడుగు, లెక్క వేసుకున్నాకే పడుగు తిప్పాలి. ఎవరి కోసమో తెలియకుండా మొదలుపెట్టడం కష్టమైన నేత. కూతురికో పెనిమిటికో చచ్చిపోయిన తండ్రికో నేసినంతకాలం ఇందులో ఉన్న ఆప్యాయత నిజం. 1927లో హూలియో తెయ్యో అనే పెరూ పురావస్తు శాస్త్రవేత్త పరాకాస్ ద్వీపకల్పంలోని ఎడారి శ్మశానంలో 429 శవాల మూటలు తవ్వి తీయించాడు. ఆయన తనూ ఆదివాసీ కుటుంబంలోంచి వచ్చినవాడే. సుమారు రెండు వేల ఏళ్ల నాటి ఆ పెద్ద మూటల్లో పొరల మీద పొరలుగా దుప్పట్లు, చొక్కాలు, తలపట్టీలు. దుప్పటంతా ఉన్ని దారంతో కుట్టిన ఎగిరే మనుషులు, రంగులు నిన్న అద్దినట్టున్నాయి. అన్నే పాల్ లాంటి పరిశోధకులు ఒకే దుప్పటి మీద వేరు వేరు చేతుల కుట్టుని గుర్తుపట్టగలిగారు. అంటే పదిమంది చుట్టూ కూర్చుని కుట్టిన పని. కొన్ని దుప్పట్లు పూర్తికాకుండానే శవానికి చుట్టేశారు. బొమ్మ చుట్టూ గీత కుట్టారు, లోపల రంగు నింపలేదు.

పరాకాస్ సమాధుల్ని దొంగలు కూడా తవ్వుకుపోయారు. 1930ల్లో పెరూలోని స్వీడన్ రాయబార ఉద్యోగి ఒకరు దొంగతనంగా తరలించిన పరాకాస్ బట్టలు గోథెన్‌బర్గ్ నగరానికి చేరాయి. 2014 నుంచి అవి విడతలుగా పెరూకి తిరిగి వెళ్లాయి. ఇది వేరే పెద్ద కథ, ఇక్కడ ఆపుతాను.

ఇంతవరకూ చెప్పింది గొంతు వాదానికి అనుకూలంగానే ఉంది. ఇక ఇంకా రాజ్యం దగ్గరికి వద్దాం. ఆండీస్ బట్టల్లో అతి నాణ్యమైన రకం పేరు కుంపి. రెండు వైపులా ఒకేలా కనిపించే బొమ్మల నేత, పట్టులా జారుతుందని చూసిన స్పెయిన్ వాళ్లు రాశారు. దాన్ని నేసే మగవాళ్లూ ఉన్నారు, వాళ్లకి వేరే పేరుండేది. కానీ ఎక్కువ పేరు మోసింది అక్లా అనే స్త్రీలు నేసిన కుంపి. అక్లా అంటే ఎంపికైనది. పదేళ్ల వయసులో ఊళ్లకి రాజు మనుషులు వచ్చి ఆడపిల్లల్ని ఎంచి తీసుకుపోయేవారు. గోడల మధ్య ఉంచి వడకడం, నేయడం, మొక్కజొన్న కల్లు కాచడం నేర్పేవారు. కొందరిని రాజు తను మెచ్చిన సేనానులకి పెళ్లాలుగా ఇచ్చేవాడు. కొందరు జీవితాంతం లోపలే. కొందరిని కొండశిఖరాల మీద బలి ఇచ్చారు. జాన్ మర్రా 1962లో ఇంకా రాజ్యంలో బట్ట పాత్ర గురించి ఒక వ్యాసం రాశాడు. ఇప్పటికీ ఈ విషయంలో మొదట చదవాల్సింది అదే. సైనికుడికి జీతంగా బట్ట, లొంగిన నాయకుడికి గౌరవంగా బట్ట, అగ్నికి ఆహుతిగా బట్ట, గోదాముల నిండా బట్ట. ప్రతి ఇల్లూ రాజ్యం ఇచ్చిన ఉన్నితో రాజ్యానికి నేసి పెట్టాలి. సైన్యానికి తెలుపు నలుపు గళ్ల చొక్కాలు, ఎర్రటి మెడపట్టీతో, ఒకే కొలతలో, ఒకే పద్ధతిలో. కొలత మనిషి ఒంటి నుంచి రాజ్యం చేతిలోకి పోయింది.

కుస్కోలో అక్లాలు ఉన్న ఆవరణ గోడల మీదే తర్వాత శాంత కాతలీనా సన్యాసినుల మఠం కట్టారు. ఇప్పటికీ ఉంది. ఒక రాజ్యం పోయి ఇంకో రాజ్యం వచ్చినా, దేవుడు మారినా, ఆడవాళ్లని మూసి ఉంచడానికి గోడలు మాత్రం మళ్లీ పనికొచ్చాయి. 1532లో పిజారో మనుషులు కాహాస్ అనే ఊళ్లో ఇలాంటి ఇళ్లని చూశారు. వందలమంది స్త్రీలని ఊరి మధ్యకి రప్పించి, వాళ్లలో చాలామందిని సైనికులకి పంచిపెట్టారని ఆ దండులో ఉన్నవాడే రాసి పెట్టాడు.

1999లో అర్జెంటీనా చిలీ సరిహద్దులో యుయైయాకో అగ్నిపర్వతం మీద, 6,739 మీటర్ల ఎత్తున, మంచులో గడ్డకట్టిన ముగ్గురు పిల్లల శవాలు దొరికాయి. అయిదు వందల ఏళ్ల నాటివి. పెద్దపిల్లకి పదమూడు నుంచి పదిహేనేళ్లు ఉండొచ్చు. ఎంపికైన పిల్లే అయ్యుంటుందని పరిశోధకుల అంచనా. 2013లో అచ్చయిన పరిశోధన ఆ పిల్ల జుట్టుని చదివింది. చివరి ఏడాదిలో ఆ పిల్లకి కోకా, కల్లు బాగా ఎక్కువగా ఇచ్చారని తేలింది. శవాల పక్కన చిన్న చిన్న బొమ్మలు, వాటికి గోరంత చొక్కాలు, వేలెడంత శాలువాలు, అన్నీ నాలుగంచులతో నేసినవే. సాల్తా నగరంలోని మ్యూజియంలో ముగ్గురిలో ఒక్కొక్కరిని మార్చి మార్చి చలిపెట్టెలో చూపిస్తున్నారు. చూపించొద్దని అక్కడి ఆదివాసులు అభ్యంతరం చెప్పారు. ఆ వేలెడంత శాలువా ఫోటో నేను చూశాను. ఎంత బాగుందో చెప్పలేను. ఆ బాగుండడమే నన్ను ఇబ్బంది పెట్టింది.

ఇక్కడ ఇంకో బొమ్మ చూపించాలి. వామాన్ పోమా అనే ఆండీస్ ఆదివాసి 1615 ప్రాంతంలో స్పెయిన్ రాజుకి దాదాపు పన్నెండు వందల పేజీల ఉత్తరం రాశాడు. దాదాపు నాలుగు వందల బొమ్మలు వేశాడు. రాజు చదివినట్టు లేదు. రాతప్రతి 1908లో డెన్మార్క్ రాజగ్రంథాలయంలో బయటపడింది. ఆ పుస్తకంలో ఆయన ఆడవాళ్లని పది వరసలుగా విభజించాడు. మొదటి వరస ముప్ఫై మూడేళ్ల నేతకత్తె, నడుముకి మగ్గం కట్టుకుని. తర్వాత ముసలివాళ్లు, ఏం వడకాలి. తర్వాత కుంటివాళ్లు, గుడ్డివాళ్లు, వాళ్లు కూడా ఏం నేయాలి. చిన్నపిల్లలు ఏం వడకాలి. ఆడవాళ్ల వయసంటే ఆయనకి పని. తన జాతి మీద జరిగే అన్యాయానికి అంత మండిపడ్డ మనిషికి ఈ లెక్కలో అన్యాయం కనిపించలేదు. మన జాతీయోద్యమ సాహిత్యం చదివినవాళ్లకి ఇది కొత్తగా ఉండదు.

కానీ అదే పుస్తకంలో ఇంకో పేజీ ఉంది. మగ్గం ముందు కూర్చున్న స్త్రీని ఒక క్రైస్తవ గురువు తంతున్నాడు. ఆ గురువు పేరు కూడా వేశాడు, మార్తిన్ దె మురూవా. ఈ మురూవా మామూలు మనిషి కాదు. ఇంకాల చరిత్ర రాసిన పండితుడు. ఆయన రాసిన 1590 నాటి ప్రతిలో ఒక విచిత్రమైన కాగితం ఉంది. ఇంకా రాణి పండగల్లో కట్టుకునే నడికట్టు ఎలా నేయాలో, ఏ రంగు పోగులు ఎన్నో, వాటిని ఎలా ఎత్తాలో లెక్క రాసి పెట్టాడు. 1980ల్లో సోఫీ దెరోసియే అనే ఫ్రెంచి పరిశోధకురాలు ఆ లెక్కని చదివి, అది నిజమైన నేత లెక్కేనని నిరూపించింది. అంటే మురూవాకి నేత విలువ తెలుసు. పోగుల లెక్క దాకా తెలుసు. ఎవరో ఒక నేతకత్తె పక్కన కూర్చుని, ఓపిగ్గా చెప్పించుకుని రాసుకుని ఉండాలి. మెచ్చుకున్నదీ ఆయనే, తన్నినదీ ఆయనే. వామాన్ పోమాకి ఆయన మీద సొంత కక్షలున్నాయి, బొమ్మని కోర్టు సాక్ష్యంలా తీసుకోనక్కర్లేదు. అయినా ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్న తర్వాత, బట్టని మెచ్చుకోవడం అంటే నేసినామెని గౌరవించడమే అన్న నమ్మకం నాకు పోయింది.

ఈ నమ్మకం మన ఇళ్లలోనూ నడుస్తూనే ఉంటుంది. వంట బాగా చేసే ఆవిడకి వంటంటే ప్రాణమని అందరూ తేల్చేస్తారు. ఆ వంట రుచే సాక్ష్యం. ఆవిడ ఎప్పుడైనా "ఇవాళ నేను చెయ్యను" అనగలిగిందా అని ఎవరూ అడగరు. పని బాగా చెయ్యడం ఒకటి, ఆ పనికి ఒప్పుకోవడం ఇంకొకటి. నైపుణ్యాన్ని చూసి అంగీకారాన్ని ఊహించుకోవడం యజమానులకి ఎప్పుడూ లాభమే. స్త్రీవాదులం మనం కూడా, వేరే ఉద్దేశంతోనే అయినా, ఆ ఊహే చేస్తే ఎలా?

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసేయను. రోజికా పార్కర్ 1984లో 'ద సబ్వర్సివ్ స్టిచ్' అనే పుస్తకంలో యూరప్ కుట్టుపని గురించి ఇదే చిక్కుని పట్టుకున్నారు. కుట్టు ఆడపిల్లకి అణకువ నేర్పే సాధనమూ అయింది, ఆ అణకువలోంచే ఆమెకి ఒక చోటూ ఇచ్చింది అన్నారు. అక్లాని బాధితురాలిగా మాత్రమే చూస్తే ఆమె వేళ్లని ఆమె దగ్గర నుంచి లాగేసుకున్నట్టే. పదేళ్లకి లాక్కొచ్చిన పిల్ల ముప్ఫై ఏళ్లకి ప్రపంచంలో ఎవరికీ చేతకాని నేత నేసింది. ఆ రంగు పక్కన ఈ రంగు పెట్టాలని ఎవరు నిర్ణయించారు? పక్కన కూర్చున్న ఆవిడ కంటే సన్నగా వడకాలన్న పంతం ఎవరిది? అందులో కొంచెమైనా ఆమెది ఉంది. నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆమెది నైపుణ్యం, బట్ట ఆమెది కాదు. ఈ రెండింటినీ కలిపేసి గొంతు అనే ఒక్క మాటలో ముడివేస్తే, కనబడకుండా పోయేది రెండో సగమే. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుతున్నానని ఎవరైనా అంటే అననివ్వండి. గొంగడి మాట వచ్చింది కనుక అదీ చెప్పాలి. తెలంగాణ కురుమల గొంగడికి ఉన్ని వడికేది ఆడవాళ్లు, నేసేది మగవాళ్లు. నేసినవాడిదే గొంగడి.

మన మగ్గాల దగ్గర ఈ రెండో సగం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కండెలు చుట్టేది, అచ్చు అతికేది, పడుగు సాగదీసి గంజి పెట్టడానికి తెల్లారగట్లే వీధిలో నిలబడేది ఇంటి ఆడవాళ్లు. గుంటలో కూర్చునేది మగవాడు. కూలి చీరకింత అని అతని చేతిలో పడుతుంది. 2019–20 నాటి జాతీయ చేనేత లెక్కల్లో దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు చేనేత పనివాళ్లు ఉంటే, నేసేవాళ్లలో నూటికి 72 మంది స్త్రీలే. అందులో పెద్ద భాగం అస్సాం, ఈశాన్య రాష్ట్రాల వాళ్లు. అక్కడ మగ్గం ఆడవాళ్లది. మన దగ్గర "నేతగాడు" అన్న మాటకి స్త్రీలింగం వెతుక్కోవాలి. పొందూరు ఖద్దరు సన్నదనం గురించి ఎంతోమంది రాశారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, అంత సన్నంగా వడికేది ఆడవాళ్లు. పేరు ఊరికి వచ్చింది.

పోచంపల్లి చీర సంగతి ఇంకా చెప్పుకోదగ్గది. రంగులు అద్దేముందు దారాన్ని అర్ధచంద్రాకారపు చట్రం మీద మేకుల చుట్టూ తిప్పాలి, దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకి చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఈ పని ఆడవాళ్లది. చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి భుజం ఈ పనితోనే అరిగిపోయింది. ఆమె బాధ చూడలేక కొడుకు ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు పోసే యంత్రం తయారుచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. పోచంపల్లి కీర్తి అంతటిలో మనందరికీ తెలిసిన ఒకే ఒక్క స్త్రీ పేరు, ఆ చాకిరీ మాన్పించిన యంత్రం మీద ఉంది. చేతిపనిని యంత్రం మింగేస్తోందని విచారించేవాళ్లు ఒకసారి ఆ భుజం వైపు నుంచి కూడా ఆలోచించాలి.

నర్సీపట్నం నుంచి చింతపల్లి, పాడేరు మీదుగా అరకు, ముంచంగిపుట్టు దాకా వెళితే గదబల ఊళ్లు వస్తాయి. గదబ స్త్రీలు కెరంగ్ అనే మొక్క నారని వడికి, పత్తి నూలు కలిపి, ఎరుపు, నీలం చారలతో తమ బట్ట తామే నేసుకునేవారు. గుంటా చట్రమూ లేని చిన్న మగ్గం, నేల మీద కాళ్లు చాపి కూర్చుని నేయడం. ఆండీస్ కి మన దగ్గర నిజమైన చుట్టం ఇదే. నేసేదీ ఆమే, కట్టేదీ ఆమే. కెరంగ్ నేయడం రాని పిల్లకి పెళ్లి కష్టమయ్యేదని మానవశాస్త్రవేత్తలు రాశారు. ఆ ఒక్క వాక్యం చాలు, ఈ నేత కూడా పూర్తిగా ఇష్టం మీద ఆధారపడింది కాదని తెలియడానికి.

ఈ బట్ట ఎందుకు వచ్చిందో చెప్పే కథని థర్స్టన్ 1909లో రికార్డు చేశాడు. ఒక దేవత మారువేషంలో గదబల ఊరికి వచ్చి, మంచం మీద కాసేపు కూర్చోనివ్వమని ఒకామెని అడిగింది. ముష్టివాళ్ల చోటు నేల అని ఆమె కసిరింది. దానికి శిక్షగా గదబ స్త్రీలందరూ ఇకపై నార బట్టే కట్టాలని దేవత శపించింది. సరిహద్దు అవతల ఒరిస్సా కొండల్లో బొండా స్త్రీలు నడుముకి చుట్టే జానెడు బట్ట గురించి ఎల్విన్ 1950లో అచ్చయిన పుస్తకంలో ఇలాంటి కథే రాశాడు. స్నానం చేస్తున్న సీతని చూసి వాళ్లు నవ్వారట. గుండుతో, దిసమొలతో ఉండమని ఆమె శపించిందట. బతిమాలితే తన చీర చింపి ఒక ముక్క ఇచ్చిందట. తనే నార గీకి, తనే వడికి, తనే రంగు వేసి, తనే నేసిన బట్టని ఒక ఆడదాని నోటి దురుసుకీ, నవ్వుకీ పడ్డ శిక్షగా ఈ కథలు మార్చేశాయి. ఆమె పనితనం కథలో ఎక్కడా లేదు. ఆమె తప్పు మాత్రం ఉంది. ఈ కథలు ముందు ఎవరు చెప్పారో ఊహించడం నాకు పెద్ద కష్టం కాలేదు.

ఇప్పుడు కెరంగ్ కట్టేవాళ్లు చాలా తక్కువ. సంతలో చీర దొరుకుతుంది, తేలిగ్గా ఉంటుంది, ఉతకడం సులువు. కెరంగ్ మాయమైపోతోందని బయటివాళ్లం వ్యాసాలు రాస్తాం. పల్లపువాళ్ల ఎగతాళి చూపుకి ఆ బట్ట వదిలేసినవాళ్లు ఉంటారు, అది అన్యాయమే. నార గీకే చాకిరీ వదిలి హాయిగా ఊపిరి పీల్చుకున్నవాళ్లూ ఉంటారు, అది వాళ్ల నిర్ణయం. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. సంప్రదాయాన్ని కాపాడాల్సిన బాధ్యతని మళ్లీ ఆమె నడుముకే కట్టే హక్కు, మిల్లు చీర కట్టుకున్న నాకు ఎక్కడిది?

ఇక చుస్పాకీ మా అమ్మమ్మ తిత్తికీ ఉన్న తేడా. ఆండీస్ కొండల్లో చుస్పా నేసేది ఆడవాళ్లు, తగిలించుకునేది మగవాళ్లు. ఎంత సన్నని నేత, ఎన్ని బొమ్మలు, ఎన్ని కుచ్చులు అన్నది అతని భుజాన వేలాడుతూ అతని పరువవుతుంది. ఆమెకి ఆకులుండవా అంటే ఉంటాయి. ఉంకున్యా అనే చిన్న చదరపు గుడ్డలో మూటకట్టుకుంటుంది. అది కూడా తనే నేసుకుంటుంది. ఈ చిన్న సంగతి చదివిన రోజు నాకు మిగతా సంగతులన్నీ ఒక్కసారిగా దారిలో పడ్డాయి. పరాకాస్ దుప్పటీ, కుంపి చొక్కా, పోచంపల్లి చీరా అన్నీ ఈ సంచిలోనే ఉన్నాయి అనిపించింది.

మా అమ్మమ్మ తిత్తికి నేత అందమేం లేదు. పాత రవికె గుడ్డ, చేత్తో కుట్టింది, తాడు కూడా చీర అంచు చింపినదే. మ్యూజియంలో ఎవరూ పెట్టరు. కానీ మా తాతయ్య కూడా దాని మీద చెయ్యి వేసేవాడు కాదు. పిల్లలం సున్నపుకాయ కోసం తాడు లాగబోతే "ఒసే గుంటా, తిత్తి ముట్టకు" అని చేతి మీద ఒక్కటిచ్చేది. ఇల్లు ఆమెది కాదు, పొలం ఆమెది కాదు, ఒంటి మీద బంగారం కూడా కొడుకుల అవసరాలకి పోతూ వస్తూ ఉండేది. ఆమె అడగకుండా తీసి ఇవ్వగలిగింది ఆ తిత్తిలోంచే. గది లేని ఆడవాళ్లకి ఏముండేదని మనం తరచు అడుగుతుంటాం. కొందరికి ఇదుండేది. దీన్ని కళ అనక్కర్లేదు, గొంతు అనక్కర్లేదు. సొంతం అంటే చాలు.

మ్యూజియాల్లో బట్ట పక్కన పెట్టే చీటీల్లో ఏ సంస్కృతి, ఏ శతాబ్దం, ఏ ఉన్ని, ఎన్ని సెంటీమీటర్లు, ఎవరు దానం చేశారు అని ఉంటుంది. దానం చేసినవాడి పేరు చాలాసార్లు ఉంటుంది. నేసినామె పేరు లేకపోవడం రెండు వేల ఏళ్ల నాటి బట్టకి సహజమే, ఎవరినీ తప్పుపట్టలేం. నిన్నగాక మొన్న నేసినదానికీ లేకపోవడం సహజం కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మనకి నేర్పింది ఇదే కదా. తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీలు పాల్గొన్నారు అని ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, ఎందుకు వెళ్లారో, ఏం పోగొట్టుకున్నారో, ఎక్కడ కోపం వచ్చిందో వాళ్ల నోటే చెప్పించారు. అక్కడ పొగడ్త తక్కువ, ప్రశ్నలు ఎక్కువ.

కుస్కో దగ్గర చించెరో ఊరి నేతకత్తె నిల్దా కయన్యౌపా 1996లో మరికొందరు నేతకారులతో కలిసి ఒక సంప్రదాయ బట్టల కేంద్రం పెట్టారు. చుట్టుపక్కల కొండ ఊళ్ల వాళ్లు అక్కడ నడుముకి మగ్గం కట్టుకుని నేస్తారు, నాలుగంచులతోనే. అమ్మకానికి పెట్టిన ప్రతి బట్టకీ నేసినవాళ్ల పేరున్న చీటీ కడతారు. చుస్పాలు ఎక్కువగా కొనేది విదేశీ యాత్రికులు. కోకా ఆకుల బదులు సెల్‌ఫోన్ పెట్టుకుంటారు. నేతలో అదేమంత అపచారంగా నాకు తోచలేదు. ఆ చీటీ చూశాక ఇంకా తెలుసుకోవాలనిపించేది ఒక్కటే. సంచి అమ్మిన డబ్బు ఆమె సాయంత్రం ఇంటికి పట్టుకెళ్లాక ఎవరి సంచిలో పడుతుంది?